క్విన్సీ పురదర్శనము



మాది గోదావరీతీరమున నొక చిన్న గ్రామము. 2021వ సంవత్సరమున జరిగిన పంచాయతీ యెన్నికలనాటినుండి మా వీధిలో రెండిండ్లవారికి మాటలు లేవు. ఆ రెండు పెరళ్ళకును నడుమ నొక దిడ్డితలుపు కలదు. పూర్వము మజ్జిగకును, కరివేపాకునకును, పసిబిడ్డల నెత్తుకొనిపోవుటకును ఆ తలుపు దినమునకు పదిమారులు తెరచుకొనెడిది. ఇప్పుడు దానికి తాళము వేసియున్నారు. ఇది మన పల్లెలకే పట్టిన తెగులనియు, చదువును సంపదయు గల దేశములయందు జనులు ఓటు వేసి, యింటికి పోయి, హాయిగా నుందురనియు మేము తలంచుచుంటిమి. 2024వ సంవత్సరమున అమెరికాకు పోయి, అచటి యధ్యక్షుని యెన్నికను కన్నులార చూచినపిమ్మట ఆ తలంపు మారినది. ఆ ప్రయాణమున మేము చూచిన క్విన్సీ యను పట్టణమునుగూర్చియు, దానివలన మాకు తెలిసిన యొక విషయమునుగూర్చియు మీకు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మా వారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. వారి యప్పగారు, అనగా మా వదినగారు, ఇరువది సంవత్సరములనుండి మసాచుసెట్సు రాష్ట్రమున, బోస్టను నగరమునకు పడమటనున్న యొక యూరిలో కాపురముండుచున్నారు. సెలవుపెట్టి మేమిరువురమును దసరా పండుగకు ఆ యింటికి చేరితిమి. ఆ దేశమున చలికాలమునకు ముందు చెట్లు ఆకులు రాల్చును. రాలుటకుముందు మేపులు చెట్టు ఆకులు పచ్చగాను, ఎఱ్ఱగాను పండి, వీధిపొడుగునను పసుపుకుంకుమలు చల్లినట్లుండును. ఆ చెట్లక్రింద, ఇండ్ల ముంగిటి పచ్చికలో, చిన్న చిన్న పలకలు నాటియుండిరి. కొన్నిటిపై హారిసు, వాల్జుల పేర్లును, కొన్నిటిపై ట్రంపు, వాన్సుల పేర్లును కలవు. ప్రక్కప్రక్క యిండ్లలోనే ఒకదానికొకటి ఎదురు పలకలుండుట చూచితిమి. పలకలు లేని యిండ్లును కలవు. "అట్టి యిండ్ల లోపలనే వాదము లెక్కువ" అని వదినగారు నవ్వుచు చెప్పిరి గాని, ఆ నవ్వులో సంతోషము లేదు.

ఈ యెన్నిక మనవారి యిండ్లలోనికి రెండు ద్వారములనుండి వచ్చినది. అధ్యక్షపదవికి నిలిచిన కమలా హారిసుగారి తల్లి శ్యామలా గోపాలనుగారు తమిళదేశపు ఆడుపడుచు. ఎదిరిపక్షమున ఉపాధ్యక్షపదవికి నిలిచిన వాన్సుగారి భార్య ఉషగారు తెలుగువారి బిడ్డ. పశ్చిమగోదావరి జిల్లాలోని వడ్లూరు ఆమె పూర్వుల గ్రామము. "మన పిల్ల" యని చెప్పుకొనుటకు ఇరుపక్షములవారికిని వీలు కలిగినది. మనది యనుకొన్నచోటనే గదా పంతము పెరుగుట!

మా వదినగారి తొలికాన్పునకు మా యత్తగారికి వీసా దొరకలేదు. అప్పుడు ఆ యూరనే యున్న యొక తెలుగు ఇల్లాలు తల్లివలె వచ్చి, పథ్యము వండిపెట్టి, పసికందునకు నలుగుపెట్టి నీళ్ళుపోసి, నెలదినములకు పైగా సాకెను. ఆమెకు సంతానము లేదు. ఆ పసికందునకు నేడు పదునారేండ్లు. ఆమెను "పెద్దమ్మా" యనియే పిలుచును. రెండిండ్లవారును పండుగలన్నియు కలిసియే చేసికొనెడివారు.

ఆ యిల్లాలును ఆమె భర్తయు స్థిరనివాసపు అనుమతికై అనేక సంవత్సరములు వరుసలో నిలిచి, ఒక్క కాగితము తప్పక సమర్పించి పౌరులైనవారు. వరుస తప్పి సరిహద్దు దాటువారిని ప్రభుత్వ ముపేక్షించుట న్యాయము కాదని వారి యభిప్రాయము. వెచ్చముల ధరలు పెరిగినందులకును వారికి కోపము కలదు. కావున వారు ట్రంపుగారి పక్షము. మా వదినగారికి ఇరువురు ఆడుబిడ్డలు. గర్భస్రావమునకు రాజ్యాంగపు రక్షణ లేదని 2022వ సంవత్సరమున ఆ దేశపు సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది మొదలు, ఆపదవేళ ఆడుదానికి జరుగవలసిన వైద్యమును ఎవ్వరు నిర్ణయింతురను భయ మామెను పట్టుకొన్నది. 2021 జనవరి 6వ తేదీన కాపిటలు భవనముపై గుంపులు పడుటను ఆమె మరువలేదు. కావున ఆమె హారిసుగారి పక్షము. మేము రెండు మాటలును ఆలకించితిమి. ఇరువురిలో నెవ్వరును తెలివి లేనివారు కారు. ఎవ్వరి భయము వారికి నిజమైనదే.

శ్రావణమాసమున వరలక్ష్మీవ్రతమునాడు వదినగారింట పేరంటము జరిగినది. ఆ స్నేహితురాలు స్టీలుగిన్నెతో పులిహోర తెచ్చినది. భోజనములకు ముందే మాట యెన్నికమీదికి పోయినది. ఆ వాదమున మా వదినగారు, "మీ కడుపున ఆడుబిడ్డ పుట్టియున్న మీకు తెలిసెడిది" అనిరట. తన బిడ్డను సాకిన చేతులుగల యిల్లాలితో అనరాని మాట యది. ఆమె మారు పలుకక లేచి, తాంబూలము పుచ్చుకొనకయే వెడలిపోయెను. గిన్నె యిక్కడనే నిలిచిపోయినది.

మేము పోయిన దసరాకు బొమ్మలకొలువు పెట్టినపుడు పెద్దపిల్ల, "పెద్దమ్మ రాదా?" యని యడిగెను. ఎవ్వరును బదులు చెప్పలేదు. వంటయింటి పైయరలో బోర్లించిన ఆ గిన్నెను మేము దినమును చూచుచుంటిమి. ఒకనాడు వదినగారిని కదిపి చూచితిమి. "నాది తప్పే. కాని ఆమెయు నాతో అన్న మాటలు కలవు. ఆమె తన తప్పు ఒప్పుకొన్ననాడు నాదియు నొప్పుకొందును" అనిరి.

ఇట్లుండగా ఆశ్వయుజ బహుళపక్షమున నొకనాడు, చరిత్ర బోధించు మా వారి కోరికపై, వదినగారు మమ్ము తమ కారులో క్విన్సీకి తీసికొనిపోయిరి. అది బోస్టనునకు దక్షిణమున సముద్రముచెంత నున్న పట్టణము. 1792వ సంవత్సరమునకు పూర్వ మది బ్రెయింట్రీ యను నూరిలో చేరియుండెను. అమెరికా రెండవ అధ్యక్షుడగు జాన్ ఆడమ్సును, ఆరవ అధ్యక్షుడగు ఆయన కుమారుడు జాన్ క్విన్సీ ఆడమ్సును అచటనే జన్మించిరి.

మొదట వారు పుట్టిన యిండ్లను చూచితిమి. రెండును కొయ్యయిండ్లు. ముందువైపు రెండంతస్తులు, వెనుకవైపు కప్పు వాలుగా నేలకు దిగివచ్చును. తండ్రి 1735లో పుట్టిన యింటికిని, కుమారుడు 1767లో పుట్టిన యింటికిని నడుమ 75 అడుగుల దూరమే కలదు. ఇద్దరు దేశాధ్యక్షులను కన్న యిండ్లు మన యూరి కరణముగారి యింటికంటె చిన్నవి! రెండవ యింటిలోనే జాన్ ఆడమ్సు భార్య అబిగెయిలుగారు కాపురము చేసిరి. ఆమె మతబోధకుని కుమార్తె. ఏ బడికిని పోలేదు. తండ్రిగారి పుస్తకములు, తాతగారి పుస్తకములు చదివి విద్యావతి యయ్యెను. తండ్రి యొద్దనే కూర్చుండి భారత భాగవతములు చదువుకొన్న మాకు ఆ మాట వినగానే ఆమెయం దొక చుట్టరికము తోచినది. భర్త స్వాతంత్ర్యసభలకు ఫిలడెల్ఫియాలో నుండగా, ఆమె వ్యవసాయమును నడపుచు, బిడ్డలకు చదువు చెప్పుచు ఆ యింట నుండెను. క్రొత్త చట్టములు వ్రాయునపుడు స్త్రీలను మరువవలదని 1776వ సంవత్సరమున భర్తకు జాబు వ్రాసిన దామెయే. అచటికి చేరువనున్న పెన్సు కొండపై 1775 జూను 17వ తేదీన ఏడేండ్ల కుమారుని వెంటనుంచుకొని బంకరు కొండ యుద్ధపు పొగను ఆమె చూచినచోట ఇప్పుడు రాళ్ళతో కట్టిన గురుతు కలదు.

అచటినుండి "పీస్‌ఫీల్డు", అనగా శాంతిక్షేత్రమను పేరుగల వారి పెద్దయింటికి పోయితిమి. 1788లో వారు దానిలో ప్రవేశించిరి. ప్రక్కన అగ్నిభయము లేకుండ 1870లో రాతితో కట్టిన పుస్తకశాల యున్నది. అందు 12,000లకు పైబడి గ్రంథములు కలవు. మేము తోటలో చాలసేపు తిరిగితిమి. అబిగెయిలుగారు ఇంగ్లండునుండి తెచ్చి నాటినదని చెప్పు తెల్లగులాబి యొకటి ఆ తోట కలంకారము. ఆకులు రాలుచున్న యా తోటలో నొక రాతిపలకపై కూర్చుండి, మా వారు మాకు ఆ యింటివారి కథ చెప్పిరి.

జాన్ ఆడమ్సును, థామస్ జెఫర్సనును ప్రాణస్నేహితులు. 1776వ సంవత్సరపు స్వాతంత్ర్య ప్రకటనను జెఫర్సను రచింపగా, సభలో దానికొరకు గట్టిగా వాదించినవాడు ఆడమ్సు. పిమ్మట ఆడమ్సు లండనునందును, జెఫర్సను పారిసునందును రాయబారులైరి. 1787లో జెఫర్సనుగారి కుమార్తె పాలీ, తల్లి లేని పిల్ల, ఎనిమిదేండ్లది, సముద్రము దాటి లండనునకు వచ్చెను. ఆ పిల్లకు తోడుగా వచ్చినది పదునాలుగేండ్ల దాసి సాలీ హెమింగ్సు. స్వాతంత్ర్యమును ప్రకటించిన చేతులే మనుష్యులను బానిసలుగా నుంచుకొన్నవి. ఆ దేశపు కథలో నీ మచ్చను దాచుట తగదు. ఓడ దిగి యేడ్చుచున్న పాలీని అబిగెయిలుగారు అక్కున చేర్చుకొని రెండువారములు సాకిరి. తండ్రి పంపిన మనిషి వచ్చి పారిసునకు పిలుచుకొనిపోవునపుడు, ఆ పిల్ల ఆమెను విడువలేక విలపించినదట.

తరువాత పక్షములు పుట్టినవి. ఆడమ్సు ఫెడరలిస్టు పక్షము. జెఫర్సను రిపబ్లికను పక్షము. నేటి రిపబ్లికను పక్షము వేరు, అది వేరు. 1796వ సంవత్సరపు యెన్నికలో ఆడమ్సుకు 71, జెఫర్సనుకు 68 ఓట్లు వచ్చినవి. ఎక్కువ వచ్చినవాడు అధ్యక్షుడు, రెండవవాడు ఉపాధ్యక్షుడు అను నియమ మానాడుండుటచే, పోరాడినవా రిరువురును ఒక్క ప్రభుత్వమున కూర్చుండవలసివచ్చినది. 1800వ సంవత్సరమున మరల పోటీ. ఒక పక్షపు పత్రికలు జెఫర్సనును నాస్తికుడనెను; వేరొక పక్షపు పత్రికలు ఆడమ్సు రాజు కాదలచినాడనెను. ఆడమ్సును తిట్టిన కాలెండరను పత్రికారచయితకు జెఫర్సనుగారే ధనసహాయము చేసిరి. ఆడమ్సు ఓడెను. ఆయన తన యధికారపు కడపటి దినములలో తన పక్షమువారికి న్యాయాధిపతుల పదవు లిచ్చి, 1801 మార్చి 4వ తేదీ తెల్లవారుజామున నాలుగు గంటలకే బండియెక్కి, జెఫర్సనుగారి పట్టాభిషేకమును చూడకయే క్విన్సీకి వెడలిపోయెను. స్నేహము ముగిసినది.

"ఇంతవరకు మనకు తెలిసిన కథయే. ఇక మీకు కావలసినది వినుడు" అని మా వారు తమ యప్పగారివంక చూచి చెప్పసాగిరి.

1804 ఏప్రిలులో పాలీ ఇరువదియైదేండ్ల వయసున ప్రసవానంతరము చనిపోయినది. ఆ వార్త విని అబిగెయిలుగారు ఉండబట్టలేక, భర్తకు తెలుపకయే, మే 20వ తేదీన జెఫర్సనునకు పరామర్శ లేఖ వ్రాసిరి. మూడేండ్ల మౌనము విడిపోయినది. జెఫర్సను ప్రేమతో బదులు వ్రాసెను; వ్రాసి, మీ భర్త చేసిన పనులలో ఆ కడపటి నియామకము లొక్కటియే నా మనసునకు నొప్పి కలిగించినవని చేర్చెను. అంతట అబిగెయిలుగారు కాలెండరు సంగతిని, తమ కుమారుని పదవి తొలగించిన సంగతిని ఎత్తిరి. ఆయన సమాధానము చెప్పెను. ఆమె దానిని ఖండించెను. ఏడు లేఖలు నడచినవి. అక్టోబరు 25వ తేదీ లేఖతో ఆమె ముగించిరి. చచ్చిపోయిన పిల్లపేర తెరచుకొన్న తలుపు, ఎవ్వరి తప్పు ముందు అను వాదముచే మరల మూసికొనిపోయినది. పిమ్మట ఆమె ఆ జాబులను భర్తకు చూపగా, ఇవి తనకు తెలియకయే జరిగినవనియు, ప్రస్తుతము చెప్పవలసినదేమియు లేదనియు ఆయన వ్రాసిపెట్టెను.

మరి యేడేండ్లు గడచినవి. ఉభయులకును మిత్రుడగు బెంజమిన్ రష్ అను వైద్యుడు ఇరువురిని బ్రతిమాలుచుండెను. తుదకు 1812 జనవరి 1వ తేదీన ఆడమ్సు ఒక చిన్న జాబు వ్రాసెను. అందులో పాత మాట యొక్కటియు లేదు. ఇంట వడికిన బట్ట రెండు తునుకలు పంపుచున్నానని కలదు. ఆ మాట పరిహాసము. పంపినవి తన కుమారుడు రచించిన అలంకారశాస్త్రోపన్యాసముల రెండు సంపుటములు. జాబు ముందు చేరి, పుస్తకములు వెనుకబడుటచే, జెఫర్సను దానిని నిజమైన బట్ట యనుకొని, తమ ప్రాంతమున ఇండ్లలో నూలు వడకు విధమునుగూర్చి బదులు వ్రాసెను! దారపు మాటతో తెగిన దారము ముడిపడినది. పదునాలుగేండ్లు వారు జాబులు వ్రాసికొనిరి. రాజకీయములలో భేదము పోలేదు, వాదించుకొనుచునే యుండిరి. 1813లో అబిగెయిలుగారును భర్త జాబు చివర తమ చేతితో నాలుగు పంక్తులు చేర్చిరి. 1818 అక్టోబరు 28వ తేదీన ఆమె మరణింపగా, జెఫర్సను పత్రికలలో చదివి, తానును భార్యను పోగొట్టుకొన్నవాడు కాన, కాలమును మౌనమునే ఔషధములని ఆడమ్సును ఓదార్చుచు వ్రాసెను. స్వాతంత్ర్య ప్రకటన జరిగి సరిగా 50 సంవత్సరములు నిండిన 1826 జూలై 4వ తేదీన ఇరువురును ఒక్కదినమే, ఒకరు క్విన్సీలోను ఒకరు వర్జీనియాలోను, కన్నుమూసిరి.

సాయంకాలమునకు ఊరినడుమనున్న దేవాలయమునకు పోయితిమి. ఆ ప్రాంతపు గ్రానైటు రాతితో 1828లో కట్టినది. దాని నేలమాళిగలో నాలుగు రాతి సమాధులున్నవి: ఇద్దరధ్యక్షులవి, వారి భార్యలవి. రాతి చల్లదనము, దీపపు వెలుగు తప్ప మరేమియు లేదు. వదినగారు అబిగెయిలుగారి సమాధిచెంత చాలసేపు నిలువబడిరి.

తిరిగివచ్చునపుడు కారులో వదినగారు, "ఆవిడ మంచిమనసుతోనే గదా వ్రాసినది! అయినను ఎందుకు చెడినది?" అని యడిగిరి. మాకు భారతము జ్ఞప్తికి వచ్చినది. కురుక్షేత్రమున సేనలు మోహరించియుండగా ధర్మరాజు కవచము విప్పి, కాలినడకను శత్రుసేనలోనికి పోయి భీష్మద్రోణులకు మ్రొక్కెను. మీరు ముందు అధర్మపక్షమును విడువుడని ఆయన షరతు పెట్టలేదు. యుద్ధము యుద్ధమే, నమస్కారము నమస్కారమే. ఆ మాటయే మేము చెప్పితిమి. "వదినగారూ, ఓటునకు క్షమాపణ యక్కరలేదు. నోటిమాటకు కావలెను. ఈ రెంటిని ఒక్క పద్దులో వ్రాసినచో ఆ పద్దు ఎన్నటికిని తేలదు." ఆమె బదులు చెప్పలేదు.

దీపావళినాడు వదినగారు ప్రొద్దుననే లేచి పూర్ణము రుబ్బి బొబ్బట్లు చేసిరి. పైయరనుండి గిన్నె దింపి, తోమి, తుడిచిరి. ఒకరి గిన్నెను వట్టిదిగా పంపరాదన్నది మన ఆచారము గదా. నిండ బొబ్బట్లు పెట్టి పెద్దపిల్లచేతికిచ్చి పంపిరి. జాబు లేదు. పిల్ల తిరిగివచ్చి, "పెద్దమ్మ తీసికొన్నది. నా తల నిమిరినది. ఏమియు చెప్పలేదు" అనెను.

నవంబరు 5వ తేదీన ఎన్నిక జరిగినది. మసాచుసెట్సులో హారిసుగారికే ఎక్కువ ఓట్లు వచ్చినను, దేశమున ట్రంపుగారు 312 ఎలెక్టొరలు ఓట్లతో గెలిచిరి. హారిసుగారికి 226 వచ్చినవి. ఆ రాత్రి మా వదినగారు నిద్రపోలేదు. "వారింట నీపాటికి పండుగ చేసికొనుచుందురు" అని యొకమారు మాత్రమనిరి. మాకును భయము కలిగినది. ఓడినవారి మనసు సులభముగా నొచ్చును. గెలిచినవారి మాట సులభముగా తూలును.

కార్తికపూర్ణిమనాడు మేము వాకిట దీపములు పెట్టుచుండగా ఆ యిల్లాలు వచ్చినది. చేతిలో నొక చిన్న గిన్నె; అందు తన యింటిలో కుండీనుంచి పెంచుకొన్న కరివేపాకు. ఆ చలిదేశమున కరివేపచెట్టును బ్రతికించుట పసిబిడ్డను పెంచుటవంటిది. వదినగారు ఎదురుపోయి ఆమె చేతులు పట్టుకొని, "ఆనాడు నే నన్నమాట తప్పు, అక్కా. నా బిడ్డను పెంచినది మీరు" అనిరి. ఆమె కన్నులు తుడిచికొని, "ఆకు వాడిపోవును, ముందు లోపల పెట్టుము" అనినది. ఎన్నికమాట ఎవ్వరును ఎత్తలేదు. ఎవ్వరి యభిప్రాయమును మారలేదు. శ్రావణమాసమున పుచ్చుకొనక పోయిన తాంబూలమును ఆమె కార్తికమాసమున పుచ్చుకొని వెళ్ళినది.

మేము ఊరు చేరితిమి. మా వీధిలోని దిడ్డితలుపునకు తాళము ఇంకను వేసియే యున్నది. ఆ రెండిండ్ల యిల్లాండ్రును మా యింటికి వచ్చి ఈ పత్రికను చదువుకొని పోవుదురు. ఏ యింట ఎవ్వరి గిన్నె నిలిచియున్నదో వారికే తెలియును.